అడుగు చూసే మొహిద్దీన్ బాషా

మొహిద్దీన్ బాషా పైకి కనిపించే దేన్నీ నమ్మడు. ముప్పై రెండేళ్లుగా గుంటూరు మిర్చియార్డులో కమిషన్ కొట్టు గుమాస్తా. బస్తా మూతి దగ్గర నిగనిగలాడే ఎర్రకాయ ఒట్టి అలంకారమనీ, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు లాగితే గాని సత్యం బయటపడదనీ ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని యార్డు గేటు దగ్గరే వదిలేసి ఇంటికొస్తే లోకానికి ఏ బాధా ఉండేది కాదు.

పెళ్లికి వెళితే బిర్యానీ డేగిసా అడుగు గరిటెతో కెలికి చూడందే భోజనానికి కూర్చోడు. పేపరు చివరి పేజీ చివరి వరుసతో మొదలుపెడతాడు. అందుకని ప్రధానమంత్రి ఏమన్నాడో తెలియకపోయినా, పేపరు అచ్చేసినవాడి పేరూ చిరునామా ఆయనకు కంఠతా వచ్చు. చెల్లెలు జహీరున్నీసాకు సంబంధం వస్తే, పెళ్లికొడుకును చూసి రమ్మని పెద్దలు ఆయన్ని పంపారు. తిన్నగా ఆ ఇంటి పెరటివైపు వెళ్లి, అంట్లు తోముతున్న పనిమనిషితో అరగంట మాట్లాడి వచ్చేశాడు.

“అబ్బాయి ఎలా ఉన్నాడు?”

“అబ్బాయినెవడు చూశాడు? ఖాయం చేసుకోండి.”

ఆ మహత్తర పరిశోధన ఫలితంగా జరిగిన పెళ్లికి పుట్టిన పిల్లే నజ్మీన్.

నజ్మీన్‌కిప్పుడు ముప్పై ఏళ్లు. కెమిస్ట్రీ చదివి, మిర్చి ఎగుమతుల ఆఫీసులో ఏడేళ్లుగా కాగితాలు టైపు చేస్తోంది. అది మానేసి, తిండిలో మిగిలిపోయే పురుగుమందుల్ని పరీక్షించే చదువు చదవాలని ఓ మంచుదేశంలో సీటు సంపాదించింది. సీటిచ్చారు గాని వీసా ఇవ్వలేదు. నెలలోగా మళ్లీ పెట్టుకుని తెచ్చుకోకపోతే సీటూ పోతుంది. కబురు పొక్కి, బంధువులు యాపిల్ పళ్లతో పరామర్శకు వచ్చారు. ఇంకా బతికున్నందుకు నజ్మీన్‌కే మొహమాటమేసింది.

బాషా తిరస్కరణ ఉత్తరం అందుకుని, అలవాటు ప్రకారం కిందనుంచి చదివించుకున్నాడు. ఏడేళ్ల ఉద్యోగం వదిలి ఈ చదువుకు ఎందుకొస్తున్నారో నమ్మదగ్గ కారణం కనబడలేదని చివర్లో ఉంది.

“నువ్వేం కారణం రాశావే?”

“కన్సల్టెన్సీ వాళ్లు రాశారు మామూ. ప్రపంచస్థాయి విజ్ఞాన శిఖరాలను అధిరోహించడం నా చిన్ననాటి కల అని.”

“చిన్నప్పుడు నీ కల ఐసుబండి పెట్టుకోవడం. నేనే సాక్షిని. అసలుది చెప్పు.”

“అది రాస్తే నవ్వుతారన్నారు.”

“నేను నవ్వనుగా. మిర్చియార్డుకెళ్లాక తుమ్మడమే గాని నవ్వే తీరికెక్కడిది?”

నజ్మీన్ చెప్పింది. వినుకొండ దగ్గర బాపయ్య అనే రైతు సరుకు, మందు పాళ్లు ఎక్కువున్నాయని పైదేశం రేవునుంచి వెనక్కొచ్చింది. ఆ కబురు టైపు చేసింది తనే. “‘ఏ మందు ఎక్కువైందమ్మా, వచ్చే ఏడు మానేస్తా’ అని బాపయ్య అడిగాడు మామూ. పరీక్ష కాగితం నా చేతిలోనే ఉంది. అందులో ఉన్నది ఆయన కొట్టిన ఏ డబ్బా మందో మా ఆఫీసులో ఒక్కరికీ చెప్పడం చేతకాలేదు. నాక్కూడా.”

బాషా లేచి నిలబడ్డాడు.

“ఒసేయ్! పైన మేలుకాయ పరిచి, అడుగున రంగుపోయిన తాలుకాయ దాచినవాళ్లని వేలమందిని చూశా. మేలుకాయని అడుగున తొక్కి, పైన తాలు పోసిన మహాతల్లివి నువ్వొక్కదానివే!”

ఈసారి ఉన్నదున్నట్టు నజ్మీనే రాసుకుంది. సాక్ష్యంగా ఓ ఉత్తరం రాయించుకుందామని బాపయ్య ఊరు వెళ్లింది. ఆయన రాయించి సంతకం పెట్టి, మాటల్లో పడ్డాడు.

“మీ మామూ బస్తాలో చెయ్యి పెడితే మాకు ధైర్యమమ్మా.”

“తాలు పట్టేసుకుంటాడుగా?”

“పట్టుకుంటాడు. కొనేవాళ్లు రాకముందే వచ్చి పట్టుకుంటాడు. ‘ఒరేయ్ బాపయ్యా, ఈ మూడు బస్తాలూ ఏరిపించుకో’ అని చెవిలో చెప్పి పోతాడు. పదిమందిలో ఒకడి సరుకు తిరగ్గొడితే చూడలేడు. ఆ కేకలన్నీ పైకేనమ్మా.”

వీసా ఆఫీసు నుంచి రెండో కవరు వచ్చే రోజున హాలు నిండా చుట్టాలు. బాషా మాత్రం పొద్దుటినుంచీ లేడు. పదకొండింటికి చింపిన కవరుతో ప్రత్యక్షమయ్యాడు.

“సిగ్గులేదా భాయ్? పిల్ల కవరు నువ్వు చింపుతావా?” అని జహీరున్నీసా లేచింది.

“అడుగు చూశా.”

“చూసి?”

బాషా ఉరిశిక్ష చదివే జడ్జీలా గొంతు సవరించుకున్నాడు. “స్వెటర్లు కొనండి.”

ఇల్లంతా గోలైపోయింది. నజ్మీన్ టీ గ్లాసు పట్టుకుని ఆయన్ని వంటింటి గుమ్మం దగ్గర ఆపింది.

“కొరియర్ వాడి కోసం సందు మొదట్లో కాపు కాశావు కదూ?”

“కాస్తే?”

“వీసా రాకపోయుంటే ఏం చేసేవాడివి?”

బాషా గ్లాసందుకుని ఓ గుక్క తాగాడు.

“ఇవాళ కొరియర్ రాలేదని చెప్పి, వీళ్లందర్నీ సాగనంపి, తర్వాత నీ ఒక్కదానికే చెప్పేవాణ్ణి. దీంట్లో చక్కెర వెయ్యలేదేమే?”