మామగారి కుర్చీకి ఎర్ర పాలిష్

కుర్చీకి పాలిష్ పట్టించి ఒక పెద్దమనిషిని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టిన ఆడది మన రెండు జిల్లాల్లో నేనొక్కతెనే అయి ఉంటాను. ఇంకెవరైనా ఉంటే దయచేసి ముందుకు రండి, ఇద్దరం కలిసి సాక్ష్యం చెబుదాం.

ఎనభైల నాటి మాట. బ్రాడీపేటలో పుట్టి పెరిగిన నన్ను దర్శి దగ్గర పల్లెకు కోడలిగా పంపారు. ఇంటి చుట్టూ మిరప, పత్తి. ఇంట్లో అత్తయ్య, మా ఆయన, ఒక కుర్చీ. కుర్చీని మనుషుల్లో కలిపి చెప్పడానికి కారణం ఉంది. అది కాలం చేసిన మా మామగారిది. ఆయన మా చర్చి సంఘపెద్ద. ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. అత్తయ్య దాన్ని వారం వారం ఆముదంతో తుడిచేది. అలా ఏళ్ళ తరబడి ఆముదం తాగి, దీపం పొగ పీల్చి, అది బొగ్గుల బట్టీలోంచి లేచొచ్చినట్టు తయారైంది.

నాకు ఒక జబ్బుంది. దేన్నైనా చూస్తే దాని కింద ఏముందో చూడాలి. మీగడ కింద పాలు, సున్నం కింద గోడ, ఏదైనా సరే. ఒకరోజు గాజు పెంకుతో కుర్చీ కాలి వెనక కొంచెం గోకాను. నలుపు కింద తేనె రంగు కర్ర, దాని మీద ఏటి అలల్లాంటి గీతలు. పాపం కింద మనిషి ఆత్మ ఇలాగే ఉంటుందేమోననిపించింది. ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ ఈ సంగతిని ఇంత తేటగా ఎవరూ చూపించలేదు.

"అత్తయ్యా, ఇది అసలైన టేకండి. తళతళలాడేట్టు చేస్తాను."

"ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచు తల్లీ. నిన్నెవరడిగారు?"

"పైన మురికే తీస్తానండి."

అత్తయ్య కాసేపు కుర్చీ వంక, కాసేపు నా వంక చూసింది. చివరికి ఒప్పుకుంది. ఒప్పుకున్నది నన్ను చూసి కాదు, యాకోబు చిన్నమామయ్య కోసం. ఆయన మా మామగారి తమ్ముడు. రెండేళ్ళ కిందట చేను గట్టు దగ్గర ఆయనకూ అత్తయ్యకూ మాటా మాటా పెరిగింది. ఆ కోపంతోనే మా ఇంట్లో జరిగిన కూడికలో, ప్రార్థన మధ్యలో లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ మా గడప తొక్కలేదు. అలాంటిది వచ్చే శుక్రవారం కూడికకు వస్తానని కబురు పంపారు.

"వాళ్ళన్న కుర్చీలోనే కూర్చోబెడతా," అంది అత్తయ్య. "ఈసారి మధ్యలో లేచి వెళ్ళకుండా ఉంటే అదే చాలు. సరే కానియ్యి, ఏం చేస్తావో చెయ్యి."

పాలిష్ నాకు వచ్చిన విద్యే. అంటే, చూసిన విద్య. బ్రాడీపేటలో మా ఎదురింటి కొట్లో మస్తాన్ గారు బీరువాలకు పాలిష్ పట్టించేవారు. స్పిరిట్‌లో లక్క నానబెట్టి, దూదిని గుడ్డలో మూటగట్టి, దాన్ని అందులో ముంచి కర్ర మీద గుండ్రంగా రుద్దేవారు. "గుడ్డలోనే ఉంటది పాపా పనంతా. పాతది కావాల, పల్చగుండాల, వందసార్లు ఉతికుండాల" అనేవారు. ఒడ్డున కూర్చుని ఈత చూసినవాడు ఏట్లో దూకినట్టు నేనూ దూకాను.

గాజు పెంకుతో గోకి, గరుకు కాగితంతో రుద్ది, కొండను తవ్వి ఎలుకను కాదు, ఏనుగునే పట్టాననుకున్నాను. కుర్చీ అంత అందంగా బయటపడింది. దూదికి కరువా, కొట్టు నిండా పత్తే. ఇక గుడ్డ కావాలి. వంటింటి తలుపు వెనక మేకుకు ఒకటి వేలాడుతోంది. పాతది, పలచనిది, వందసార్లు ఉతికింది. మస్తాన్ గారు కొలిచి నేయించినట్టుంది.

ఇక వింత చూడండి. గుడ్డ స్పిరిట్‌లో ముంచి రుద్దుతుంటే కుర్చీ ఎర్రబడటం మొదలైంది. రుద్దిన కొద్దీ ఎరుపు. సాయంత్రపు పడమటి ఆకాశం మా పంచలోకి దిగినట్టు ఎరుపు. టేకులోంచి ఈ రంగు ఎక్కణ్ణుంచి వస్తోంది?

"మా తాత ఎర్రచందనం కలిపి చేయించాడేమోనే," అన్నారు మా ఆయన. వాళ్ళ తాతకు అంత ఉందని నమ్మడం ఆయనకు ఇష్టం.

"నా చేతులు మండుతున్నాయండి."

"స్పిరిట్ కదా, మండదా మరి."

ఘాటు తగల్లేదా అని మీరు అడుగుతారు. కల్లాల్లో మిరపకాయలు ఎండే కాలం అది. ఆ రోజుల్లో మా ఊళ్ళో తుమ్మనివాణ్ణి చూసి ఒంట్లో బాగాలేదేమోనని పలకరిస్తారు.

శుక్రవారం మధ్యాహ్నం చివరి పూత వేశాను. సాయంత్రం అందరూ చాపల మీద కూర్చున్నారు. చిన్నమామయ్య తెల్లటి పలచని పంచె కట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగారు.

"వందనాలు వదినా."

"వందనాలు. అట్టా నిలబడ్డావేం, మీ అన్న కుర్చీలో కూర్చో."

కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు నిలబడి వాక్యం మొదలుపెట్టారు. పంచలో గాలి ఆడటం లేదు, అందరికీ చెమటలు. కాసేపటికి చిన్నమామయ్య ఇటు ఒరిగారు. తర్వాత అటు ఒరిగారు. కుర్చీ చేతుల మీది నుంచి చెయ్యి తీసి కళ్ళు తుడుచుకున్నారు. అంతే, కళ్ళు ఊటబావులైపోయాయి.

అయ్యగారు అది చూశారు. ఆయన గొంతు లేచింది. "పాప భారం ఉన్నవాడు కూర్చున్న చోట కుదురుగా కూర్చోలేడు. వాడి లోపల ఒక మంట."

"అవునయ్యా," అన్నారు చిన్నమామయ్య, చాలా నిజాయితీగా.

చాపల మీద ఆడవాళ్ళు ముక్కులు చీదారు. నేనూ ఏడ్చాను, నా ప్రార్థన ఫలించిందనుకుని. అప్పుడే అత్తయ్య నా చెవి దగ్గరికి వంగింది.

"ఇవాళ మరిది భోజనానికి ఉంటాడే. రోట్లో కారం కొట్టి పెట్టా. జల్లిద్దామంటే కారం జల్లించే గుడ్డ కనపళ్ళేదు. తలుపెనక మేకుకు ఉండాల, చూశావా?"

చూశాను. పుండు మీద కారం చల్లడమంటే విన్నాం గానీ, పుండే లేని మనిషిని కారంలో కూర్చోబెట్టడం నాతోనే మొదలు. చెబితే ఈ కన్నీళ్ళు నవ్వులపాలు. చెప్పకపోతే ఆయన లేచి వెళ్ళిపోతారు, అత్తయ్య ఆశ మళ్ళీ గడప దాటిపోతుంది. ఒక దిండు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళాను.

"చిన్నమామయ్యా, ఇది కింద వేసుకోండి."

"వద్దమ్మా," అన్నారు పళ్ళు బిగించి.

"అమ్మాయ్," అన్నారు అయ్యగారు, "దేవుడు పని చేస్తున్నప్పుడు మధ్యలో దిండ్లు పెట్టకూడదు."

కూర్చున్నారు. చిన్నమామయ్య కూడిక అయ్యేదాకా అలాగే కూర్చున్నారు. ఆఖరి ప్రార్థనకు ముందు, "వదినా, ఆ రోజు మధ్యలో లేచి వెళ్ళటం నాదే తప్పు," అన్నారు. "నేనూ తక్కువ మాటలు అన్లేదులే యాకోబూ," అని అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమేన్ అనడమే ఆలస్యం, చిన్నమామయ్య పెరట్లోకి పరుగెత్తి, గొడ్లకు నీళ్ళు పెట్టే తొట్టిలో పంచెతో సహా కూర్చున్నారు.

అయ్యగారు వెనకే వెళ్ళి, "నువ్వు బాప్తిస్మం ఎప్పుడో తీసుకున్నావు కదయ్యా," అన్నారు అనుమానంగా.

అందరూ లోపలికి వెళ్ళాక నేను గిన్నెడు వెన్న పట్టుకుని తొట్టి దగ్గర నిలబడ్డాను. "చిన్నమామయ్యా, ఆ కుర్చీకి కారం..."

"తెలుసమ్మా. ముప్ఫై కాపులు మిరప తీసినోణ్ణి, కూర్చోగానే తెలియదా?"

"మరి లేవలేదేమండి?"

ఆయన తలుపు వంక చూసి గొంతు తగ్గించారు. "మీ అత్తే కావాలని రాసిందనుకున్నా. ఆ రోజు నేనన్న మాటలకి ఈ మాత్రం శిక్ష న్యాయమేలే అని కూర్చున్నా."

నిజం విప్పి చెప్పాను. ఆయన తొట్టిలో నీళ్ళు పొర్లిపోయేలా నవ్వి, "అయితే అనవసరంగా ఓర్చుకున్నానన్నమాట. వెన్న ఇటియ్యి," అన్నారు. ఆ రాత్రి భోజనానికి ఉన్నారు, నిలబడే తిన్నారు.

ఆ కన్నీళ్ళలో కారం ఎంత, కృప ఎంత అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. దేవుడు దేన్నైనా వాడుకోగలడు, అందులో నాకు సందేహం లేదు. అలాగని ప్రతిసారీ ఆయనకు నా పాలిష్‌నే అందించడం మర్యాద కాదు. అందుకని సంఘం ఎదుట, సాక్షుల ఎదుట నేను చేసుకున్న తీర్మానం ఇది: నా ఊపిరి ఉన్నంతకాలం, వాసన చూడని గుడ్డతో ఏ కర్రనూ రుద్దను. రుద్దవలసే వస్తే, ఎండ మాడుస్తున్న మధ్యాహ్నం పూట, ఆ కుర్చీలో మొదట నేనే కూర్చుంటాను.