ఒక చిల్లు పొట్టి

మా పక్క షాపు తాళాలాయన లోకంలో ఎవరినీ నమ్మడు. వృత్తి అలాంటిది కదా అని సరిపెట్టుకుందామంటే, తాళాలు బాగుచేసేవాళ్లు ఇంకో ఇద్దరు నాకు తెలుసు. వాళ్లు టీ ఇస్తే తాగుతారు. ఈయన గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, ఓసారి వాసన చూసి, ఆ తరువాత నా మొహం చూసి తాగుతాడు. నా జిరాక్స్ షాపూ ఆయన దుకాణమూ పదకొండేళ్లుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. ఆయన్ని అన్నయ్యా అంటాను, ఆయన భార్యను వదినా అంటాను. అయినా నా మీద అనుమానం అనుమానమే.

మూడో ఏట ఆయనకు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ఊహ తెలిసినప్పటి నుంచీ చంకకర్రల మీదే నడక. అందుకే తన భుజాలంటే ఆయనకు మహా గర్వం. రోజూ పొద్దున్నే గదిలో గడియ పెట్టుకుని నలభై నిమిషాలు వ్యాయామం చేస్తాడు. కుర్చీ చేతుల మీద ఒంటిని నలభైసార్లు పైకెత్తడం, కిటికీ ఊచకు కట్టిన రబ్బరు పట్టీని లాగడం. గది ఇరుకు కాబట్టి కర్రలు గుమ్మం బయటే గోడకు ఆనించి, తలుపు పట్టుకుని పక్కనే ఉన్న కుర్చీలోకి జారతాడు. తలుపెందుకు వేసుకోవడం అంటే, "నా బలం ఎంతో ఎవరికీ తెలియకూడదమ్మాయ్" అనేవాడు.

యాభై రెండో ఏట కుడి భుజం మొరాయించింది. మూడు నెలలు ఓర్చుకుని చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "ఒక నెల చూద్దాం. తగ్గకపోతే కర్రలు వదిలేసి చక్రాల కుర్చీ వాడాలి" అన్నాడాయన. తాళాల దుకాణానికి మూడు మెట్లు, వెడల్పు ఒక బీరువా అంత. చక్రాల కుర్చీ అందులోకి రాదు. అంటే దుకాణం మూసుకోవడమే. ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు అన్నయ్య గొంతు వణికింది. వణికిన సంగతి నేను కనిపెట్టేశానేమోనని వెంటనే నన్ను అనుమానంగా చూశాడు.

వారానికోసారి ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్లమన్నారు. ఆ పిల్ల వ్యాయామం మానమనలేదు, మార్చమంది. ముందు వేణ్ణీళ్ల సంచితో భుజానికి కాపడం పెట్టాలి. ఎత్తడాలు నలభై కాదు, పన్నెండు చాలు. అవీ రోజు విడిచి రోజు, పట్టీ మాత్రం రోజూ లాగొచ్చు. "చేశాక రెండు గంటల్లో సర్దుకునే నొప్పికి భయపడక్కర్లేదండీ. మర్నాటికీ ఉందంటే మాత్రం మీరు ఎక్కువ చేసినట్టు" అని చెప్పింది.

"చూశావా కుట్ర? నలభై నుంచి పన్నెండుకి దించింది. రేపు ఆరు చాలంటుంది. ఎల్లుండి కుర్చీ తోసుకొస్తుంది" అన్నాడు నాతో.

"అయితే ఆవిడ చెప్పింది చెయ్యకు."

"చెయ్యకపోతే, నా వల్లే తగ్గలేదని రాసుకుంటుంది."

అలా తిట్టుకుంటూనే అన్నీ చేశాడు. కాపడం పెట్టుకున్నాడు, పన్నెండు దగ్గర ఆగాడు. అయినా భుజం తగ్గలేదు. రెండో వారం ఆ అమ్మాయి కర్రలు రెండూ పక్కపక్కన నిలబెట్టి, "కుడి కర్ర ఒక చిల్లు పొట్టిగా ఉందేంటండీ? ఇలా ఒరిగి నడుస్తుంటే భుజం ఎలా తగ్గుతుంది?" అంది. అల్యూమినియం కర్రలు అవి. కింది గొట్టానికి వరసగా చిల్లులుంటాయి. బొత్తం నొక్కి ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకు జరిపితే ఎత్తు మారుతుంది. ఆ అమ్మాయి సరిచేసి పంపింది. మూడో వారం చూస్తే మళ్లీ ఒక చిల్లు పొట్టి.

ఇక చూడాలి ఆయన అవస్థ. మొదటి ముద్దాయి బావమరిది. అతను అప్పటికే ఎక్కడి నుంచో ఒక చక్రాల కుర్చీ తెచ్చి వాళ్ల ముందు గదిలో పెట్టి, వచ్చినప్పుడల్లా "ఒక్కసారి కూర్చుని చూడు బావా" అంటున్నాడు. రెండో ముద్దాయి ఫిజియో పిల్ల. "మార్చిందీ తనే, కనిపెట్టిందీ తనే" అన్నాడు. మూడో ముద్దాయిని నేను. దుకాణంలో చోటు లేక కర్రలు నా గోడకే ఆనిస్తాడు మరి. దొంగ జాగ్రత్త పడతాడని ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు.

తాళంచెవి పోయిన తాళానికి కొత్తది చేసేటప్పుడు ఆయనకో పద్ధతి ఉంది. గాట్లు లేని చెవిని కొవ్వొత్తి మంట మీద పట్టి మసి ఎక్కిస్తాడు. తాళంలో పెట్టి తిప్పితే, లోపల తగిలిన చోట మసి చెరుగుతుంది. అక్కడ ఆకురాయితో అరగదీయాలి. ఒక సాయంత్రం ఆ మసిలో కాస్త నూనె కలిపి, ఇంటికెళ్లాక కుడి కర్ర బొత్తానికి దట్టంగా పూశాడు.

మర్నాడు దుకాణం మూసేటప్పుడు చూస్తే మసి చెరిగిపోయి ఉంది. నేరుగా నా కౌంటరు దగ్గరికొచ్చి, "చేతులు చూపించు" అన్నాడు. చూపించాను. నల్లగా ఉన్నాయి. జిరాక్స్ మిషన్లో పొడి మార్చే మనిషి చేతులు ఇంకెలా ఉంటాయి?

"నువ్వా!" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పదకొండేళ్లుగా నీ కర్రలకి కాపలా కాస్తున్నదాన్ని. పొద్దున ఇక్కడికి రాగానే బొత్తం చూసుకున్నావా?"

"లేదు."

"మరి ఇంట్లోనే చెరిగిందేమో, నీకేం తెలుసు? రేపు అక్కడ చూసుకుని అప్పుడు రా నా మీదికి. లేకపోతే ఈ గోడకి నీ కర్రలు ఆనించనివ్వను."

ఆ తరువాతిదంతా ఆయన నోటితోనే విన్నాను. మళ్లీ మసి పూశాడు. పొద్దున గదిలోకి వెళ్తూ చూశాడు, ఉంది. వ్యాయామం అయ్యాక గడియ తీసి చూశాడు, లేదు. బావమరిది వచ్చి వెళ్లి వారమైంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

అంటే వదిన. తమ్ముడితో చేతులు కలిపి తనను ఆ కుర్చీలో కూలేయాలని చూస్తోంది. "టిఫిన్ పెట్టనా?" అని వంటగదిలోంచి అడిగితే కర్రలు అందుకుని గుమ్మం వైపు నడిచాడట. ముప్పై ఏళ్ల కాపురమంతా నటనే అనిపించిందట. విసురుగా తలుపు తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు. వాళ్లది మేడ మీద ఇల్లు, పద్నాలుగు మెట్లు. రోజూ దిగేటప్పుడు కర్ర మోపే చోటు తప్ప ఇంకేమీ చూడడు. ఆ రోజు ఆ కోపంలో దిగితే పడతానని అక్కడే ఆగాడు. అప్పుడు గోడ కనిపించింది.

తెల్ల సున్నం మీద నల్లటి వేలిముద్రలు. నడుము ఎత్తున, మెట్టుకొకటి. పైన చిక్కగా, కిందికి పోయేకొద్దీ పలచగా. మామూలుగా దిగే మనిషి గోడను ఒకటి రెండు చోట్ల తాకుతుంది. ఈ మనిషి ఒక్క మెట్టునూ వదల్లేదు.

ఆయన లోపలికి తిరిగి వెళ్లాడు. వదిన చేతులు చూడలేదు.

"ఎన్నాళ్లబట్టి?" అన్నాడు.

"ఏంటి?"

"మోకాళ్లు."

వదిన గరిటె పక్కన పెట్టింది. "రెండేళ్లు దాటింది. పాలకీ కూరలకీ దిగాలిగా. ఈ నాలుగు నెలలూ మరీ ఎక్కువైంది. మీరు తలుపేసుకున్నాక ఒక కర్ర తీసుకుంటున్నా. నాకు మూడు చిల్లులు దించాలి. మళ్లీ ఎత్తి పెట్టేస్తున్నాగా."

"ఒక్కోసారి రెండే ఎత్తుతున్నావు."

వదిన ఆయన చంకలోని కుడి కర్ర వైపు చూసింది. "అయితే మీ భుజం... నా వల్లా?" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

"నాకు చెప్పొచ్చుగా!"

"ఈ ఇంట్లో నొప్పి మీ వంతు కదండీ. నాక్కూడా అని ఏ మొహంతో చెప్పను?"

ఇప్పుడు ఫిజియో పిల్ల దగ్గరికి ఇద్దరూ వెళ్తున్నారు. వదినకు సొంత చేతికర్ర వచ్చింది. గది తలుపు తెరిచే ఉంటోంది. బావమరిది తెచ్చిన చక్రాల కుర్చీకి బ్రేకులు వేసి, అవి పడ్డాయో లేదో అన్నయ్య మూడుసార్లు చూసి, అందులో వదినను కూర్చోబెడతాడు. ఆవిడ కాలు చాచి పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచాలి. "ఎనిమిదికే దించేశావ్, నేను చూస్తూనే ఉన్నా" అని ఈయన పేచీ. నెల గడిచాక డాక్టరు భుజం తిప్పి చూసి, కర్రలు ఉండనివ్వండి అన్నాడు.

ఆ కబురు చెప్పడానికి మూడు మెట్లూ దిగి నా షాపుకు వచ్చాడు. టీ ఇచ్చాను.

"అందరినీ అనుమానించానమ్మాయ్. నిన్ను కూడా. నాతో కాపురం చేస్తున్న మనిషి మెట్టు మెట్టుకీ ఆగుతోందేమోనన్న అనుమానం మాత్రం రెండేళ్లలో ఒక్కరోజూ రాలేదు."

గ్లాసు వెలుతురులో పెట్టి చూడలేదు. టీ చల్లారిపోయేదాకా అలా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.