రెండు పేర్లు, ఒకటే ఫైలు

మాన్యువల్లో ఆ ఆప్షన్ గురించి నాలుగు వాక్యాలుంటే మూడు చదివి మూసేశాను. మూడో వాక్యంలో చాలా వేగం అని ఉంది. హెచ్చరిక నాలుగోదాంట్లో ఉంది. ఇరవై ఏళ్లుగా డేటాబేసుల బ్యాకప్పులు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఈ తప్పు కొత్తగా చేరినవాడెవడైనా చేసి ఉంటే గంటసేపు క్లాసు పీకేవాణ్ణి. నాకు పీకేవాళ్లు లేక ఇక్కడ రాసుకుంటున్నాను.

2025 చివర. మెట్టుగూడలో ఒక ట్రస్టు నడిపే పాత స్కూలు. అల్వాల్ నుంచి వారానికి రెండు మూడు రోజులు వెళ్లి వాళ్ల కంప్యూటర్లు చూసేవాణ్ణి. అక్కడే పనిచేసి రిటైరైన గ్రేసమ్మ టీచర్ గారు పాత అడ్మిషన్ రిజిస్టర్లను ఏడాదిన్నరగా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. పేర్లు ఎక్కించడం ఎవరైనా చేస్తారు. ఆవిడ అసలు పని రిమార్క్స్ అనే గడి నింపడం. రిజిస్టర్లో ఒకే ఏడాది ముగ్గురు బి. మేరీలుంటారు, తండ్రుల పేర్లు చెదలు తినేసి ఉంటాయి. ఆవిడ పాత విద్యార్థులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఏ మేరీ ఎవరో కనుక్కుని ఆ గడిలో రాసేవారు. సర్టిఫికెట్ కోసం వచ్చిన మనిషి ఫలానా అని తేల్చేది అదొక్కటే.

"అందరూ పెద్దవాళ్లయిపోయారు బాబూ. నేను ఫోన్ చేసేదాకా వాళ్లుండాలి, వాళ్లు ఎత్తేదాకా నేనుండాలి" అనేవారు.

ఆ డేటాబేసుని కొత్త కంప్యూటర్‌కి మార్చాల్సి వచ్చింది. బ్యాకప్ పద్ధతి చెప్తాను. ఆదివారం ఫుల్ బ్యాకప్, అంటే మొత్తం. మిగతా రోజుల్లో ఇంక్రిమెంటల్, అంటే ఆ రోజు మారినంత మటుకే. (ఇంక్రిమెంట్ అనే మాట నా ఉద్యోగంలో వినబడేది ఇక్కడొక్కచోటే.) ఈ ముక్కలన్నీ కలిపి పూర్తి డేటాబేసు తయారుచేసే టూల్ ఒకటుంది. ఆ వారంలో మారని ఫైళ్లను అది మూడు రకాలుగా తీసుకోగలదు. మామూలు కాపీ అయితే మొత్తం మళ్లీ రాస్తుంది. నిదానం, స్థలం రెండింతలు. క్లోన్ అయితే అసలూ నకలూ ముందు ఒకే స్థలం పంచుకుంటాయి, ఒకదాన్ని మార్చినప్పుడు మాత్రం విడిపోతాయి. దానికి తగిన డిస్కు ఫార్మాట్ ఉండాలి, మాకు ఆ యోగం లేదు. మూడోది లింక్. అది కాపీయే చేయదు, ఉన్న ఫైలుకే ఇంకో పేరు తగిలిస్తుంది. క్షణాల్లో పని పూర్తి.

గురువారం రిహార్సల్ పెట్టుకున్నాం. రిజిస్టర్ పేజీల ఫొటోలు కూడా డేటాబేసులోనే ఉండటంతో మామూలు కాపీ ఎంతకీ తెమలలేదు. ఆఫీసు మేనేజర్ శాంసన్ గారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఏందయ్యా, ఆ చక్రం గిట్లనే తిరుగుతదా?"

"ఇంకో రెండు గంటలు సార్."

"నా ఫోన్ల ఫొటోలు సుత జెరసేపట్ల కాపీ అయితయి. నువ్వేమన్న చేత్తోని రాస్తున్నవా?"

మాట తగిలింది. ఆపేసి లింక్ ఆప్షన్ పెట్టాను. నా కాఫీ సగం కాకముందే వాళ్ల కాపీ అయిపోయింది. ఆ ప్రాక్టీసు డేటాబేసుని స్టార్ట్ చేసి చూపించాను, అన్నీ ఉన్నాయి.

"ఇది ఉత్త ప్రాక్టీసే కదా? అరవైల రికార్డులు డిలీట్ చెయ్. మళ్ల రప్పించి చూపెట్టు. ట్రస్టు సెక్రటరీ మేడంకి చెప్తా" అన్నారాయన హుషారుగా.

పదేళ్లకొక టేబుల్ చొప్పున పెట్టాం. అరవైల టేబుల్ ఖాళీ చేశాను. రప్పించేలోపు ఆయనకు ఫోనొచ్చి వెళ్లిపోయారు. నేను టిఫిన్ బాక్సు తెరిచాను.

శనివారం అసలు పని. కొత్త డిస్కు మంజూరు కాలేదు కాబట్టి పాత డిస్కునే ఫార్మాట్ చేసి కొత్త కంప్యూటర్లో పెట్టి, వేరే డిస్కులో ఉన్న బ్యాకప్పుల నుంచి డేటాబేసు తెచ్చాను. గ్రేసమ్మ గారు వచ్చి కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, "బాబూ, అరవైల్లో పిల్లలు కనబడటం లేదే" అన్నారు.

ఎలా కనబడతారు? అరవైల టేబుల్ ఆ వారం మారలేదు కాబట్టి ప్రాక్టీసు డేటాబేసులోని దాని ఫైలూ, ఆదివారం బ్యాకప్‌లోని ఫైలూ ఒకటే. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడిచినట్టే. లింక్ చేసినదాన్ని స్టార్ట్ చేస్తే అసలు బ్యాకప్ పాడవుతుందని నాలుగో వాక్యం. అప్పుడు చదివాను.

"రిజిస్టర్లున్నాయి టీచర్ గారూ, పేర్లు మళ్లీ ఎక్కించొచ్చు."

"పేర్లకేం బాబూ. రాజమండ్రి మేరీ ఈస్టర్ తర్వాత పోయింది. ఆవిడ చెప్పింది ఇప్పుడెవర్ని అడగను?"

తిట్టలేదు. తిడితే కొంచెం తేలికపడేవాణ్ణి.

డిలీట్ చేసిన వరుసలు వెంటనే మాయం కావు. పోయినట్టు గుర్తు మాత్రం పడుతుంది. తర్వాత ఎప్పుడో వ్యాక్యూమ్ అనే పని వచ్చి ఊడ్చుకుపోతుంది. నాలుగు రోజులు ఆ ఫైల్లో ముక్క ముక్కా ఏరాను. చాలావరకు దొరికాయి. చీపురు నాకంటే ముందు వచ్చిపోయిన చోట రెండు బ్యాచుల రిమార్కులు పోయాయి. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని గుర్తున్నవి చెప్తుంటే నేను టైప్ చేశాను. గుర్తులేనివాళ్లకు మళ్లీ ఫోన్లు. మేరీ గడి రాగానే నా కీబోర్డు పక్కకు జరిపారు.

"ఖాళీగా వదిలేయ్ బాబూ. ఊహించి రాస్తే అబద్ధమవుతుంది."

ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

కాపీ ఎంతలో అయిందని ఇప్పుడు నేను లెక్క చూసుకోను. ఒకటి చెడితే రెండోది నిలుస్తుందా, అదొక్కటే చూస్తాను. లింక్ చెడ్డది కాదు, దాన్ని తొందరలో వాడటమే చెడ్డది. స్టార్ట్ చేసి చూడాలంటే నిజమైన కాపీ పెట్టుకుని, ఎవరొచ్చి వెనక నిలబడ్డా నిలబడనిస్తాను.

వారం తర్వాత శాంసన్ గారు సంజాయిషీ అడిగారు. రెండు కాపీలు, తనకొకటి, సెక్రటరీ మేడంకొకటి. జరిగింది జరిగినట్టు రాశాను. ముందు నా తప్పు. మధ్యలో, డిలీట్ చేసి చూపించమన్నది మేనేజర్ గారని ఒక వాక్యం. ఆ కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. మేడం కవర్లో చీటీ పెట్టాను: "సంజాయిషీ మేనేజర్ గారి బల్ల మీద ఉంది. దయచేసి అక్కడ చదవగలరు."

మధ్యాహ్నం మేడం వచ్చి చదివారు. ఆ ఒక్క వాక్యం మీద అప్పటికే ఎర్ర ఇంకు గీత పడి ఉంది. కింద అక్షరాలు మాత్రం చక్కగా కనబడుతున్నాయి.

"ఇదెవరు కొట్టేశారు?" అన్నారు మేడం.

శాంసన్ గారు నా వైపు తిరిగారు. "రెండు కాపీలు ఇయ్యమన్న కదయ్యా."

"లింక్ పెట్టిన సార్" అన్నాను. "జల్దీ అయితదని."