చప్పుడు చెయ్యని భక్తుడు

భజనలో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లే పెద్ద భక్తులు. ఇన్ని ఊళ్లు తిరిగి, ఇన్ని పుస్తకాలు చదివి నేను తేల్చుకున్నది ఇంతే. పండరిపురంలో ఒకాయన నా చెవి పక్కన నిలబడి పాడితే, ఆ తర్వాత చాలాసేపు టీ కొట్టువాడి మాట కూడా నాకు వినపడలేదు. సరే, ఆయన సంగతి వదిలేద్దాం. నేను చెప్పబోయేది జానకిరామయ్య గురించి.

ఈయనది తెనాలి పక్క పల్లె. సినిమాల్లో హీరో అవుదామని వచ్చి, జీవితమంతా హీరో వెనకాల గుంపులో నిలబడ్డాడు. నుదురు వెడల్పు, నామం నప్పుతుంది. అందుకని గుడి సీను ఎక్కడున్నా ఆయన్నే పిలిచేవారు. ఆయన మొక్కినన్ని విగ్రహాలకు ఏ పీఠాధిపతీ మొక్కి ఉండడు. అన్నీ థర్మకోల్‌వే అనుకోండి. పెళ్లీ గిళ్లీ లేదు. మోతీనగర్‌లో అద్దెకున్న ఇల్లు కూలగొడితే ఫిల్మ్‌నగర్ కొండమీది బస్తీలో ఒక గదిలోకి మారాడు. అక్కడ పలకరించేవాళ్లు లేక, శనివారం సాయంత్రం రేకుల షెడ్డులో హనుమంతుడి ముందు జరిగే భజనకొచ్చి కూర్చున్నాడు.

ఆ భజనకు పెద్దదిక్కు మంజులత. ఎదుటి మేడలో ఉండే నిర్మాత ఇంట్లో వంట ఆమెదే. ఢోలక్ వాయించే ఓదెలు అదే నిర్మాతకు డ్రైవరు. మిగతావాళ్లు తోటమాలులు, పనిమనుషులు, నాలాంటి పనిలేనివాళ్లు.

మొదటి వారమే తేడా కనపడింది. జానకిరామయ్య కళ్లు మూసుకుని ఊగుతున్నాడు, పెదవులు కదుపుతున్నాడు, చప్పట్లు కొడుతున్నాడు. కళ్లలో నీళ్లు కూడా. చప్పుడు మాత్రం లేదు. అరచేతులు తాకబోతూ ఆగిపోతున్నాయి. తర్వాతి వారం కూడా ఇదే తంతు. పులిహోర పెడుతూ మంజులత అడిగేసింది.

"ఏంది పెద్దాయనా, మమ్మల్ని ఎక్కిరిస్తున్నవా?"

"అయ్యో, లేదమ్మా!"

"మరి నోరెందుకు లేస్తలేదు? పులిహోరకైతే మంచిగనే తెరుస్తున్నవ్."

"సిన్మావోడు గదక్కా," అన్నాడు ఓదెలు. "కెమెరా పెడితే పాడుతడేమో."

జానకిరామయ్య ముఖం మాడిపోయింది. "హీరో డైలాగు చెప్పేటప్పుడు వెనకాల మా చప్పుడు రాకూడదమ్మా. గొంతులు తర్వాత స్టూడియోలో వేరేవాళ్లవి కలుపుతారు. ఏళ్లతరబడి అదే అలవాటు. పాడదామనే వస్తాను. దేవుడి ముందు కూర్చోగానే గొంతు ఆగిపోతుంది."

"గీడ హీరో ఎవ్వడూ లేడు. వచ్చే వారం నోరిప్పాలె. లేకుంటే గాడ చెప్పుల కాడ కూసో."

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదట. ఉన్న ఒక్క చోటూ పోయేలా ఉంది. పొద్దున్నే నా నడకలో తోడొచ్చి, పాడటం నేర్పమన్నాడు. నన్నే దేవుడనుకుని పాడమన్నాను. ఒకసారి నన్ను పైనుంచి కిందిదాకా చూసి పగలబడి నవ్వాడు. పాఠం అక్కడితో ముగిసింది.

శనివారం వచ్చింది. ఓదెలు ఢోలక్ మీద చెయ్యి వేయబోతుండగా మేడ వాచ్‌మన్ భిక్షం ఉరికొచ్చాడు.

"అక్కా, జర ఆపుండ్రి! ఎవరో పెద్ద డైరెక్టర్ వచ్చి మా సారుకు కథ చెప్తుండు. చప్పుడు కావద్దట."

ఈ కొండమీద కథ ముందు దేవుడెంత! ఓదెలు ఢోలక్‌ను పక్కకు జరిపాడు. అందరూ లేవబోయారు.

"చప్పుడు లేకుండా చెయ్యొచ్చమ్మా," అన్నాడు జానకిరామయ్య. "నేను చూపిస్తాను."

చూపించాడు. కాసేపటికి షెడ్డంతా పెదవులు కదుపుతోంది. ఓదెలు ఢోలక్‌ను ముట్టకుండా గాలిని వాయిస్తున్నాడు. మంజులత నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. ఆశ్రమాల్లో మౌనం చాలా చూశాను, సగంమంది కునుకు తీస్తుంటారు. ఇక్కడ అందరూ మేలుకునే ఉన్నారు.

జానకిరామయ్య కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. అందరూ తనలాగే ఉన్నారు. ముందు నిలబడి డైలాగు చెప్పేవాడు ఒక్కడూ లేడు.

"రామా!" అన్నాడు.

రేకులు అదిరాయి. శ్రుతి లేదు, తాళం లేదు. ఏళ్లుగా లోపల మగ్గిన గొంతు మొత్తం ఒక్కసారే బయటపడింది. ఆయన ఆగలేదు, పాడుతూనే ఉన్నాడు.

భిక్షం మళ్లీ వచ్చాడు. "ఎవడాడు? సారు అడుగుతుండు!"

ఓదెలు తల దించుకున్నాడు. మంజులత నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"మావోడు. పాడుతడు. రేపు ఇడ్లీ కావాల్నా వద్దా, సారునే అడుగుపో."

భిక్షం వెళ్లాడు, తిరిగి రాలేదు. ఓదెలు ఢోలక్ ఒళ్లోకి లాక్కున్నాడు.

ఇప్పుడు జానకిరామయ్యకు ఢోలక్ పక్కనే చోటు. అది తనకిచ్చిన గౌరవమని ఆయన నమ్మకం. నిజానికి ఢోలక్ మోతలో ఆ గొంతు కొంచెమైనా మునిగిపోవాలని ఓదెలు చేసిన ఏర్పాటది. అయినా మెల్లగా పాడమని ఇంతవరకు ఎవ్వరూ అనలేదు.