అమ్మ చప్పట్లు కొట్టిన క్యాచ్

క్రికెట్ తెలియకపోతే క్రికెట్ సినిమా చూడకూడదని ఎవరన్నారండీ? తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. హత్యల సినిమా చూసేవాళ్ళంతా హత్యలు చేసి వచ్చి కూర్చున్నారా?

మేముండేది బర్మాలోని యాంగాన్‌లో, చిమిండైంగ్ బజారు వెనక. మా ముత్తాత ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చినవాడు. మా వీధిలో క్రికెట్ ఆడేవాడు ఒక్కడూ లేడు. సాయంత్రమైతే మగాళ్ళు గుండ్రంగా నిలబడి బెత్తంతో అల్లిన బంతిని కాళ్ళతో ఎగరేస్తారు. చిన్‌లోన్ అంటారు దాన్ని. అందులో అవతలి జట్టంటూ ఉండదు, గెలుపూ ఓటమీ ఉండవు. బంతి నేల తాకకూడదు, అంతే. మా నాన్నకు ఆ ఆటంటే ప్రాణం. ఆయన ఆడుతుంటే అమ్మ కూరల సంచి కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టేది.

నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మకు మాటే తగ్గిపోయింది. నలుగురు చేరితే లేచి వెళ్ళిపోయేది. ఎలాగైనా ఆమెను మళ్ళీ మనుషుల్లో కూర్చోబెట్టాలని నా తాపత్రయం. ఇంతలో విశాఖ నుంచి పనిమీద వచ్చిన మా పెద్దమ్మ కొడుకు, తనూ ఇంకా చూడని క్రికెట్ సినిమా ఒకటి తెచ్చాడు. మధ్యాహ్నం కరెంటు ఉండే వేళ చూసుకుని, అమ్మను బతిమాలి టీవీ ముందు కూర్చోబెట్టాను.

కథ ఆమెను పట్టేసింది. టీకొట్టు నడిపే తండ్రి, ఆటగాడైన కొడుకు. తండ్రి కొడుకుతో మాట్లాడడు, వాడి ఆట ఒక్కసారి కూడా చూసినవాడు కాడు. కొడుకు కొట్టిన బంతి నేల మీద దొర్లినప్పుడల్లా అమ్మ "అయ్యో, పడిపోనాది!" అని నొచ్చుకునేది. ఒకసారి బంతి ఆకాశానికి లేచింది. ఎవడో పరుగెత్తుకొచ్చి, నేల తాకకుండా ఒడిసి పట్టాడు. అమ్మ కూర్చున్నచోటే ఎగిరి చప్పట్లు కొట్టింది.

"అబ్బ! ఎలా పట్టినాడో సూడే!"

అన్నయ్య పగలబడి నవ్వాడు. "పిన్నీ, హీరో అవుటైపోయాడు! పట్టినవాడు అవతలి జట్టు. వాడికి చప్పట్లు కొడతావేంటి?" సినిమా ఆపేసి, అగ్గిపెట్టెలు నేల మీద నిలబెట్టి రూల్స్ మొదలుపెట్టాడు. "ఇవి తెలియకుండా చూస్తే నీకేం అర్థమవుతుంది?"

అమ్మ చేతులు ఒళ్ళోకి లాక్కుంది. "నాకేటి తెల్సు బాబూ, మీరు సూసుకోండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏటన్నయ్యా నీ పాఠాలు? అంత బాగా పట్టినోడికి చప్పట్లు కొడితే నీ సొమ్మేటి పోయింది? మా అమ్మ అలా ఉషారుగా ఉండి ఎన్నాళ్ళయిందో తెల్సా నీకు?"

అతను బిత్తరపోయి అగ్గిపెట్టెలు ఏరుకుని సినిమా మళ్ళీ పెట్టాడు. నేను కావాలనే సౌండ్ పెంచాను.

సినిమాలో చివరి మ్యాచ్ ఆఖరి బంతి వేళకు అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు బలంగా కొట్టాడు. బంతి పైకి లేచింది. జనం మధ్యలోంచి తండ్రి, భుజాన తువ్వాలుతోనే, లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"ఛ! గెలిచాడో లేదో!" అన్నయ్య తల పట్టుకున్నాడు.

"గెలిస్తే ఏటి, ఓడితే ఏటి బాబూ?" అంది అమ్మ గుమ్మంలోంచి. "ఆడి అయ్య వొచ్చినాడు కాదేటి!"

అని చప్పట్లు కొట్టింది. ఈసారి అన్నయ్య నోరెత్తితే ఊరుకునేదాన్ని కాదు.