చలికి తిరిగిన తోక

మా ఆయన టెలిఫోన్ లైన్‌మన్. మా కొండలకి సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజుల్లో, ముంచింగిపుట్టులో ఒక వానాకాలం స్తంభం మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నారు. విశాఖపట్నంలో కాలికి రాడ్డు వేసి, చేతికర్ర ఇచ్చి ఇంటికి పంపించారు. "రోజూ నడవాలి, లేకపోతే మోకాలు బిగుసుకుపోతుంది" అన్నారు డాక్టరు. ఈయన నడిచిందల్లా మంచం నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి మంచం దాకా. సంతకి వెళ్ళేవాళ్ళంతా మా గుమ్మం ముందు నుంచే పోతారు. వాళ్ళు "అయ్యో బాబూ" అంటే ఈయనకి ఒళ్ళు మంట. నెలలు గడిచేకొద్దీ నాకు జాలి పోయి కోపం వచ్చింది, కోపం పోయి భయం పట్టుకుంది. మోకాలు అప్పటికే సగమే వంగుతోంది.

ఓడ మీద పనిచేసే మా తమ్ముడు ఆ చలికాలం సింగపూర్ నుంచి ఒక హెలికాప్టర్ బొమ్మ తెచ్చాడు. మూరెడు పొడవు. బ్యాటరీతో నడుస్తుంది. రేడియో పెట్టె చేతిలో పట్టుకుని దూరం నుంచే ఎగరేయాలి. "ఇంట్లో ఎగరదక్కా. బావ బయటికి రాక ఎక్కడికి పోతాడు" అన్నాడు నా చెవిలో.

వాడి లెక్క తప్పింది. ఈయన పొయ్యి పక్కనే కూర్చుని దాన్ని బిగించి, నన్ను పైలట్‌ని చేశారు.

ఆ బొమ్మతో గొడవంతా తోకతోనే. పైన పెద్ద పంకా ఒకవైపు తిరిగితే ఒళ్ళు రెండోవైపు తిరగబోతుంది. తిరగనివ్వకుండా తోక చివరి చిన్న పంకా ఆపుతుంది. తోక కాస్త జరిగినా కనిపెట్టి ఆ చిన్న పంకా రెక్కల్ని సర్దడానికి లోపల అగ్గిపెట్టెంత పెట్టె ఉంటుంది, దాన్ని గైరో అంటారట. మా దగ్గర తొమ్మిదింటికల్లా కొండగాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే, మంచులోనే ఎగరేయాలి. నేను వాకిట్లో పెట్టి లేపితే మోకాలెత్తు లేచేది, తోక మెల్లగా పక్కకి జరిగేది, ఆ తరవాత గానుగెద్దులా గిరగిరా తిరిగి కింద పడేది.

"ఏటయింది?" అని కిటికీలోంచి కేక.

"తిరిగింది."

"ఎటేపు?"

"మీ బుర్ర తిరిగినవైపే!"

మూడు రోజులు ఇదే భాగోతం. తోక పంకాని తిప్పే బెల్టు వదులైందని బిగించారు. ఆ పంకా రెక్కల్ని కదిపే ఊచ రాసుకుంటోందని నూనె వేశారు. గైరో తిరగేసి పనిచేస్తోందేమోనని తోకని చేత్తో నెట్టి చూశారు. రెక్కలు సరిగ్గానే సర్దుకున్నాయి. అదురుకి గైరో బెదురుతోందని నా హవాయి చెప్పు మడమ కోసి దాని కింద మెత్త వేశారు. పొయ్యి పక్కన పరీక్షిస్తే, తాకనంతసేపూ రెక్కలు వెంట్రుకంతైనా కదలవు. ఇంట్లో పిల్లి, వీధిలో పులి.

"యంత్రం సరిగ్గానే ఉంది. లోపం నీ సేతిలోనే ఉంది" అన్నారు చివరికి. రేడియో పెట్టె మంచం మీద పడేసి, "అయితే మీరే ఎగరేసుకోండి" అన్నాను. అప్పటికి తోక రెక్కలు రెండు జతలు విరిగాయి, మిగిలింది ఆఖరి జత. ఇది అటకెక్కిందంటే ఈయన మళ్ళీ మంచమెక్కుతారు, ఇక దిగరు. అందుకే నాలుగో రోజు తిట్టుకుంటూనే మళ్ళీ బయటికి తీసుకెళ్ళాను.

మాకు కట్టెలు తెచ్చే ముసలాయన మోపు దించి నిలబడి చూశాడు. ఆయన తన ఊళ్ళో పండగలకి డప్పు వాయిస్తాడు. ఎంతటివాళ్ళనైనా నువ్వనే అంటాడు. బొమ్మ తిరిగి కింద పడ్డాక వచ్చి దాని పొట్ట మీద అరచెయ్యి వేశాడు.

"ఇది ఇంకా ఎచ్చగుందమ్మా. పొయ్యికాడ సరిసేసి మంచులోకి తెస్తే ఎలాగుంటాది? మా డప్పు ఇంటికాడ మంటకి కాసి తెస్తే దారిలోనే గొంతు మారిపోద్ది. ఎక్కడ వాయిత్తామో అక్కడే కాత్తాం."

తరవాత కిటికీ వైపు తిరిగాడు. "బాబూ, ఇంట్లో కూకుంటే ఇది నీ మాట ఇనదు. బయటికి రా."

అయ్యో అనలేదు. కాలి ఊసెత్తలేదు. కాసేపటికి గచ్చు మీద కర్ర చప్పుడు వినిపించింది.

ఈయన దుప్పటి కప్పుకుని వచ్చి బట్టలుతికే బండ మీద కూర్చున్నారు. ముగ్గురం ఆ బొమ్మ చల్లారేదాకా కాచుకున్నాం. మీట వేయగానే, ఎవరూ ఏమీ తాకకుండానే తోక రెక్కలు తమంతట తామే మెల్లగా పక్కకి ఒరగడం మొదలుపెట్టాయి. "అదీ! దొరికింది దొంగ!" అని నవ్వారు. ఆ నవ్వు విని నెలలైంది. గైరో మీది చిన్న స్క్రూ కాస్త తిప్పి, ఆగి చూసి, మళ్ళీ కాస్త తిప్పారు. రెక్కలు నిలిచాయి. ఈసారి రేడియో పెట్టె తనే అందుకుని లేపారు. మోకాలెత్తున, తోక మావైపే పెట్టి అది బుద్ధిగా నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది. బొమ్మ తోక చూసి ఏడ్చిన ఆడది మా మండలంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

చెయ్యి తిరగని పైలట్ కదా, బొమ్మ కాస్త ముందుకి జారి, సంత దారి దాటి అవతల కోసేసిన వలిసె చేలో దిగింది. నేను పరుగెత్తబోయాను.

"ఉండు" అన్నారు. "నేను తెస్తాను."

కర్ర పొడుచుకుంటూ దారి దాటుతుంటే గంప నెత్తిన పెట్టుకున్న ఒకావిడ ఆగింది. "అయ్యో బాబూ, కాలెలాగుంది?"

"కాలికేటి! తోక నిలబడింది" అని ముందుకి సాగారు.

ఆ రోజు నుంచి దాన్ని అరగంట బయట చల్లారబెడితే గానీ ముట్టనిచ్చేవారు కాదు. ఊరికే కూర్చోలేక ఆ అరగంటా వాకిట్లో అటూ ఇటూ నడిచేవారు. శివరాత్రికి మోకాలు ముప్పాతిక వంతు వంగింది. గైరోతో వచ్చిన మడత కాగితాన్ని ఈయన ఏనాడూ విప్పలేదు. నేను మాత్రం ఆ వారంలోనే చదివాను. చలికి అలవాటు పడడానికి దానికి పది నిమిషాలు చాలట. ఆ కాగితాన్ని పప్పు డబ్బా అడుగున దాచేశాను.