పాత అమెరికాను నేను సర్దిన రోజు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా "ఈ రోజు ఒక పొరపాటు జరిగింది" అని రాసి ఊరుకున్నాను, అదేదో తనంతట తానే నడిచొచ్చినట్టు. చేసింది నేనే. సల్వాలో ఆ అరబ్బుల ఇంట్లో పనికి చేరిన కొత్తలో నాకు భయం ఎక్కువ, మాట తక్కువ. రాయచోటిలో డిగ్రీ రెండో ఏడు దగ్గరే ఆపేసి వచ్చినదాన్ని కావడంతో ఇంగ్లీషు పుస్తకం కనిపిస్తే మాత్రం చెయ్యి ఊరుకునేది కాదు. ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలి. ఆమె చిన్నకూతురు యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చదివేది. ఆమె గదిలో దుమ్ము దులిపే పని నాది. పది నిమిషాల పనికి నాకు ముప్పావు గంట పట్టేది. (ఎంత శుభ్రమైన పిల్లో అని మామా మెచ్చుకునేది.)

ఒకసారి ఆ అమ్మాయి గోడకు నాలుగు కాగితాలు అంటించింది. అమెరికా తొలినాటి సాహిత్యం, నాలుగు కాలాలు. వాటి గురించి క్లాసులో మాట్లాడాలట, దానికి మార్కులట. తుడుస్తూ తుడుస్తూ నాలుగూ నాకే కంఠతా వచ్చేశాయి. అందరికన్నా ముందు ప్యూరిటన్లు, దేవుడికి భయపడి తమ పాపాలన్నీ డైరీల్లో రాసుకున్నవాళ్లు. (నాకు దగ్గరి చుట్టాల్లా అనిపించారు.) తర్వాత, బుద్ధి ఉండగా రాజెందుకని కరపత్రాలు రాసినవాళ్లు. ఆ తర్వాత చీకటి అడవులనూ దయ్యాలనూ ఇష్టపడ్డ రొమాంటిక్కులు. వాళ్లలోంచే వచ్చి, ప్రకృతిలోకి పోయి నీ మనసు మాట విను అన్నవాళ్లు చివర. (అక్కడ గిన్నెలు ఎవరు కడిగారో ఏ కాగితంలోనూ లేదు.)

కానీ గోడమీద ఆ చివరివాళ్లు ముందున్నారు, ప్యూరిటన్లు ఆఖరున. అయ్యో, పిల్ల తప్పు పెట్టుకుంది అనుకున్నాను. చెబితే, నేను చదువుతున్నానని తెలిసిపోతుంది. తెలిస్తే ఆ గది నాకు దక్కదు. ఏ వస్తువు ఎక్కడుంటే అక్కడే పెట్టాలనేది మా పనిలో మొదటి పాఠం. ఆ ఒక్కరోజు దాన్ని తప్పి, కాగితాలు తీసి, గోడ తుడిచి, కాలాన్ని బట్టి వరసగా అంటించాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను కూడా.

మర్నాడు ఆ అమ్మాయి ఉన్న వరసలోనే వాటిని ఫైల్లో పెట్టుకుని వెళ్లి, మధ్యాహ్నం ఏడుస్తూ వచ్చింది. చివరి నుంచి మొదటికి చెప్పమన్నది వాళ్ల టీచరేనట! మనసు మాట విను అని మొదలుపెట్టి కాగితం చూస్తే, అందులో పాపాల చిట్టా. అందరూ నవ్వేసరికి మాట పోయి మధ్యలోనే కూర్చుండిపోయిందట.

"నా కాగితాలు ఎవరు ముట్టుకున్నారు?" అని అరిచింది. మామా మా ఇద్దరినీ పిలిచింది, నన్నూ, వంట చేసే గోదావరి జిల్లా అక్కనూ.

"నేనే మామా," అంది అక్క. "సాలెగూడు ఉంటే దులిపాను. సదువు రానిదాన్ని, ఎనకాముందూ అయిపోయుంటాయి."

"ఖలాస్," అంది మామా, ఇక చాలన్నట్టు. వారం తిరక్కుండా అక్కను అర్దియాలో ఉన్న పెద్దకూతురింటికి పంపేసింది. అక్కడ శుక్రవారం సెలవు లేదు. శుక్రవారం చర్చిలో ప్రార్థనకు పోయి తనవాళ్లతో కలిసి పాడడం కోసమే అక్క వారమంతా గడిపేది.

ఆమె సంచి సర్దుకుంటుంటే వెనకే తిరిగాను. "మామాకు నేను చెప్పేస్తాలే అక్కా. నువ్వెందుకు పోవల్ల?"

"సెప్పి ఏం సేత్తావే? సదువు రానిదాన్నని నన్ను తిట్టి వదిలేశారు. సదివి సేశావంటే నిన్ను వదులుతారా?"

"నేనెక్కడ సదివినా అక్కా?" అని బుకాయించాను. (అప్పుడు కూడా!) చెప్పేస్తానన్నదాన్ని, చెప్పలేదు. ఆ గది ఇప్పటికీ నాదే. అక్క అర్దియా నుంచే ఇండియా వెళ్లిపోయిందని తర్వాత విన్నాను. ఇప్పుడు ఆ గదిలో పుస్తకం తెరిచినప్పుడల్లా ముందు అద్దం వైపు చూస్తాను, అందులో నా మొహం చూసి నాకే నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ రోజు కారెక్కుతూ అక్క వెనక్కి తిరిగి అన్నది ఇదీ:

"ఒసే, ఈసారి సదివేటప్పుడు సేతిలో గుడ్డ ఆడిత్తా ఉండవే పిచ్చిమొకవా. తలుపు దగ్గర నిలబడితే అద్దంలో కనపడిపోతన్నావ్!"